గట్టిమేళం ఎవరి కోసం

పెళ్ళిళ్ళకు సంగీతం కుదిర్చే పని నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చాలా ఏళ్ళు చేశాను. సన్నాయి మేళం, బ్యాండు, బరాత్‌కు డప్పులు, రిసెప్షన్‌కు పాటలవాళ్ళు. ఎవరికి ఏది కావాలో అడిగి, మనుషుల్ని మాట్లాడి, వాళ్ళను వేళకు హాలుకు చేర్చి, పెళ్ళి అయ్యేదాకా అక్కడే నిలబడడం నా పని. నాకు ఏ వాద్యమూ రాదు. ఈ పనికి అది అడ్డం కాలేదు. వాయించేవాడు తన వాద్యాన్ని వింటాడు. కుదిర్చినవాడు హాలును వినాలి.

ఇప్పుడు దీన్ని ఈవెంట్లు అంటున్నారు. ఇందులోకి కొత్తగా దిగినవాళ్ళు కొందరు వచ్చి, ఏవైనా నాలుగు మాటలు చెప్పండి సార్ అన్నారు. నేను మాటకారిని కాను, రాసి ఇస్తానన్నాను. షాపు మూసి కొన్నేళ్ళయింది. పోయినేడు నా భార్య భారతి చనిపోయింది. షాపులో సగం పని ఆమెదే. ఆడవాళ్ళు నాకు చెప్పని సంగతులు ఆమెకు చెప్పేవాళ్ళు. ఆమె గురించి విడిగా ఏమీ రాయను. పని గురించి రాస్తే ఆమె ఎలాగూ వస్తుంది. మిగిలినవాళ్ళ పేర్లు మార్చాను.

యూసుఫ్ మాస్టర్

నేను పని నేర్చుకున్నది మలక్‌పేటలో బ్యాండు నడిపిన యూసుఫ్ మాస్టర్ దగ్గర. చెవి మంచిది, నోరు చెడ్డది. వాయించేవాళ్ళను జనం ముందే తిట్టేవాడు. వచ్చిన కస్టమర్‌కు మాత్రం ఏనాడూ కాదని చెప్పలేదు. అది మర్యాద అనుకునేవాడు. నా లెక్కలో అది పిరికితనం. కాదనవలసిన చోట అవునంటే ఆ తప్పు పెళ్ళిరోజున, అందరి ముందూ బయటపడుతుంది.

ఒకసారి సరూర్‌నగర్ వైపు ఒక సన్నటి గల్లీలోంచి ఊరేగింపు తీసుకెళ్తామని ఒప్పుకున్నాడు. అదే గల్లీలోకి అటునుంచి ఇంకో పెళ్ళికొడుకు, ఇంకో బ్యాండు వస్తున్నాయని కనుక్కోలేదు. మధ్యలో రెండూ ఎదురుపడ్డాయి.

"మాస్టర్, మనం ఆపుదాం, వాళ్ళను పోనిద్దాం" అన్నాను.

"క్యా మియా! ముందు వాళ్ళను ఆపమను, తర్వాత మనది ఆపుతం."

అవతలి మాస్టరు కూడా అదే మాట అన్నాడట. రెండు బ్యాండులూ పోటీపడి గొంతు పెంచాయి. ఎవరిది ఏ పాటో ఎవరికీ తెలియలేదు. గుర్రాలు మాత్రం ఒకదాన్నొకటి చూసుకుని నెమ్మదిగా నిలబడ్డాయి. పెళ్ళికొడుకులిద్దరూ వాటి మీద నుంచే పలకరించుకున్నారు.

"మీ ముహూర్తం ఎప్పుడు బ్రదర్?"

"అయిపోయినట్టుంది బ్రదర్."

అప్పటినుంచి హాలు చూడడానికి వెళ్ళినప్పుడల్లా పక్క హాళ్ళలో ఆ రోజు ఏముందో కనుక్కోవడం నాకు అలవాటైంది. మీరూ చేసుకోండి.

అయితే మాస్టర్ చెప్పిన ఒక మాట నాకు జీవితమంతా పనికొచ్చింది. "పెండ్లిల పాట ఎవనికోసం? పైసలిచ్చెటోనికి కాదు, స్టేజీ ముంగల ఎగిరెటోనికి కాదు. మూలకు కూసొని ఏం అననోడు ఒకడుంటడు. ఆన్ని సూడు. ఆడు లేసి పోయిండంటే నీ పాట ఖరాబు."

అడగవలసిన మొదటి ప్రశ్న

షాపుకు వచ్చినవాళ్ళను మీరు ఏ పాటలు ఇష్టమని అడుగుతారు. మేమూ అడిగేవాళ్ళం. కానీ దానికంటే ముందు అడగవలసింది ఒకటుంది. మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా?

ఈ ప్రశ్న భారతి అడిగేది, టీ ఇచ్చి, వాళ్ళు కాస్త కుదురుకున్నాక. కొందరికి కోపం వచ్చేది. "శుభమా అని పెళ్ళి మాట్లాడుతుంటే చావు సంగతి ఎత్తుతారేంటండీ?" అని ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు మేం ఎత్తకపోతే అక్కడ పాట ఎత్తుతుందండీ" అంది భారతి. ఆయన కూర్చున్నాడు.

ఇది మాకు వనస్థలిపురంలో ఒక రిసెప్షన్ నేర్పింది. పాత పాటలు కావాలన్నారు, మంచి గాయకుణ్ణి తీసుకెళ్ళాను. ఒక పాట మధ్యలో పెళ్ళికొడుకు నానమ్మ చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ భర్త రోజూ గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసే పాట అది. ఆయన పోయి ఎంతో కాలం కాలేదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గాయకుడు ఆ పాట చాలా బాగా పాడాడు. అదే ఇబ్బంది అయింది.

ఉద్యమం రోజుల్లో

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఏళ్ళలో మా పని ఆగలేదు, కష్టమైంది. ముహూర్తాలు బంద్‌లను చూసి పెట్టరు. బంద్‌లు ముహూర్తాలను చూసి పిలవరు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఎల్బీనగర్ చుట్టుపక్కల స్థిరపడినవాళ్ళు మొదట బరాత్ గురించి అడిగేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు మొదట సన్నాయి ఎవరిదని అడిగేవాళ్ళు. ఇద్దరికీ మేమే కుదిర్చేవాళ్ళం. అంతకుముందు ఎవరూ పట్టించుకోని విషయాలు అప్పుడు పట్టింపులయ్యాయి. డీజే ఏ పాట వేసినా ఇది ఎవరి వైపు పాట అని చూసేవాళ్ళు.

మా సన్నాయి విద్వాంసుడు కోటయ్యది గుంటూరు వైపు. ఎన్నేళ్ళున్నా యాస మారలేదు. ఒక రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. మా ఆటో ఆపి కాలేజీ పిల్లలు పెట్టె తెరిపించారు.

"ఏముందే కాకా ఇండ్ల?"

కోటయ్య నోరు తెరవలేదు. నేనే చెప్పాను, సన్నాయి, పెళ్ళికి పోతున్నామని.

"అయితే జై తెలంగాణ అనుండ్రి, పోండ్రి."

నేను అన్నాను. డోలు ముత్తయ్యది సూర్యాపేట దగ్గర పల్లె, ఆయన ఇంకా గట్టిగా అన్నాడు. పిల్లలు కోటయ్య వైపు చూశారు. నోరు విప్పితే ఎక్కడివాడో తెలిసిపోతుంది. కోటయ్య సన్నాయి తీసి, ఆ నినాదం ఎక్కడ లేస్తుందో అక్కడ లేపి, ఎక్కడ విరుగుతుందో అక్కడ విరిచి ఊదాడు. పిల్లలు ఈలలు వేశారు. "మళ్ళొక్కసారి కాకా!" అన్నారు. రెండోసారి ఊదించుకుని దారి ఇచ్చారు.

ఆటో కదిలాక ముత్తయ్య నవ్వు ఆపుకోలేదు. "మీవోళ్ళకు చెప్పాల్నా కోటయ్యా, నువ్వు మా దిక్కు కలిసినవని?"

"శ్రుతి అడిగారు, ఇచ్చాను. నీ డోలుకు వస్తుందా అది?" అన్నాడు కోటయ్య.

మీకు నేను చెప్పేది ఒకటే. రెండు వైపులవాళ్ళు కలిసిన పెళ్ళిలో ఎవరి పాట గెలవాలో మీరు తేల్చకండి. వాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళతోనే తేల్పించండి. ఒక్కొక్కసారి అదీ కుదరదు. అలాంటి పెళ్ళి గురించి ఇప్పుడు రాస్తాను.

శోభ పెళ్ళి

మేస్త్రి నర్సింహది నల్లగొండ దగ్గర ఊరు. ఎల్బీనగర్‌లో ఇళ్ళు కట్టి, తానూ ఒకటి కట్టుకున్నాడు. భార్య మణెమ్మ. కూతురు శోభ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అకౌంట్లు చూసేది. అక్కడే లెక్కలు చెప్పే కోస్తా అబ్బాయిని ఇష్టపడింది. రెండు ఇళ్ళవాళ్ళూ కొంత గునిసి ఒప్పుకున్నారు. అంతలో శోభ తమ్ముడు పోయాడు. ఉద్యమంలో ప్రాణం తీసుకున్న విద్యార్థుల్లో అతనొకడు. అంతకంటే నేను రాయను.

ఏడాది లోపల పెళ్ళి చేయకపోతే ఇక కొన్నేళ్ళు ఆగాలని పెద్దలు అన్నారు. ఆగితే సంబంధం నిలవదేమోనని నర్సింహ భయం. ఇంట్లో చావైంది కాబట్టి కన్యాదానం నర్సింహ అన్నావదినల చేతుల మీదుగా చేయాలని నిర్ణయించారు. అలా ఆ పెళ్ళిలో తల్లిదండ్రులిద్దరికీ పీటల దగ్గర పని లేకుండా పోయింది.

భారతి తన మొదటి ప్రశ్న అడగవలసిన అవసరం రాలేదు. నర్సింహ వచ్చి కూర్చోగానే చెప్పాడు. అతనితో పాటు పెళ్ళికొడుకు మేనత్త రాజ్యలక్ష్మి గారు వచ్చారు. తల్లి లేని పిల్లవాణ్ణి ఆవిడే పెంచింది. వనస్థలిపురంలో వాళ్ళింట్లో ఏది జరగాలన్నా ఆవిడ మాటే.

"మేళం లేకుండా పెళ్ళి వద్దండీ" అందావిడ. "ఆర్కెస్ట్రాలు, డాన్సులు నేనూ అడగట్లేదు. సన్నాయి చాలు. ఇంకొకటి, నేను చెప్తే బాగోదు గానీ చెప్పక తప్పదు. ఆవిడ్ని నేను తప్పుబట్టట్లేదు. కొడుకు పోయిన తల్లి ఏడవకుండా ఎలా ఉంటుంది? కానీ సూత్రం కట్టేవేళ ఏడుపు వినబడితే, రేపు మావాడికి కాలు బెణికినా అందరూ అదే అంటారు. మీ అమ్మాయినే అంటారు. ఆ కాసేపు ఆవిడ్ని గదిలో కూర్చోబెడదాం. ఏడవాలంటే అప్పగింతల్లో ఏడవచ్చు, అప్పుడు అందరం ఏడుస్తాం."

నర్సింహ తల వంచుకున్నాడు. "నాకు గుడ అదే మంచిదనిపిస్తుందమ్మా" అన్నాడు. అన్నాక చాలాసేపు టీ ముట్టుకోలేదు.

తర్వాత చనిపోయిన అబ్బాయి స్నేహితులు వచ్చారు. రిసెప్షన్‌లో డప్పు పెట్టి, వాడి పేరు మీద ఒక్క ఉద్యమ పాట పాడతామన్నారు. నర్సింహను అడగమన్నాను. వాళ్ళు నా ముందే ఫోన్ చేశారు. అవతలి మాట నాకూ వినబడింది. "మీరు పాడితే నేను గుడ పాడ్త బిడ్డా. పాడినంక మీరు ఇంటికి పోతరు. ఇది నా బిడ్డ పెండ్లి. నా కొడుకును దీంట్లకు తేకుండ్రి." పిల్లలు వాదించలేదు. పెళ్ళిరోజు వచ్చి వడ్డన చేశారు.

మణెమ్మ ఒక్కతే షాపుకు వచ్చినప్పుడు నేను లోపల స్పీకర్ల వైర్లు చుడుతున్నాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. భారతిని అడిగింది.

"అమ్మా, గా గట్టిమేళం ఎందుకు కొడ్తరు?"

భారతి చెప్పింది. తాళి కట్టే క్షణంలో తుమ్మో, ఏడుపో, చెడ్డ మాటో ఎవరి చెవినా పడకూడదని డోలు, సన్నాయి ఒక్కసారిగా గట్టిగా అందుకుంటాయి. పంతులు చెయ్యి ఎత్తితే మొదలు, దించితే ఆఖరు.

"అంటే ఏడుపు ఇనబడొద్దనే గద?"

"అవును."

"మరి నా ఏడుపుకెందుకు పనికిరాదు?"

భారతి కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది.

"నన్ను అర్రల కూసో అంటున్నరు. ఉన్నది ఒక్క బిడ్డ. దానికి పుస్తె కడ్తుంటే నేను సూడొద్దా? ఏడ్వనని ఒట్టేద్దునమ్మా, గని అది నా చేతుల లేదు. ఆల్ల మేనత్తకు ఇనబడితే ఇనబడని, నాకు రంది లేదు. శోభకు ఇనబడొద్దు. తమ్ముడు పోయిన కాడికెల్లి అది నా ఏడుపే ఇంటున్నది. ఆఫీసుల కెల్లి ఫోన్ చేసి, ఏడుస్తున్నవా అమ్మా అంటది. గా ఒక్క గడియ దానికి ఇనబడొద్దు. నేను మాత్రం ఆడనే ఉండాలె."

ఆమె వెళ్ళాక భారతి లోపలికి వచ్చింది. "ఆమె ఏడ్చినంతసేపు వాయించగలరా మీవాళ్ళు?"

మూడు ముళ్ళు పడేదాకానే గట్టిమేళం అన్నాను.

"అది పంతులుగారి లెక్క. నేను ఆమె లెక్క అడుగుతున్నాను."

కోటయ్యను, ముత్తయ్యను వెంటబెట్టుకుని హాలు చూడడానికి ఇద్దరం వెళ్ళాం. మామూలుగా మేళం మండపానికి కుడివైపు, కింద కూర్చుంటుంది. దాన్ని ఎడమవైపు స్తంభం దగ్గరికి మార్చాం. స్తంభానికీ మేళానికీ మధ్య రెండు కుర్చీలు పట్టే చోటుంది. ఒకటి మణెమ్మకు, ఒకటి భారతికి. మేళం స్పీకరు ఒకటి జనం వైపు కాకుండా పీటల వైపు తిప్పించాను.

"పెళ్ళికూతురి చెవులు పోతాయండీ" అన్నాడు కోటయ్య.

ఎందుకో చెప్పాను. అతనే లేచి స్పీకరును ఇంకాస్త లోపలికి తిప్పాడు. ముత్తయ్య మాత్రం ఒకటే అడిగాడు. "పంతులును సూడాల్నా, ఆమెను సూడాల్నా?"

"ఆమెను" అంది భారతి. "కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నంతసేపు ఆపొద్దు. కొంగు దించి మీవైపు చూస్తుంది. అప్పుడు ఆపండి."

రాజ్యలక్ష్మి గారికి, మణెమ్మను వాయిద్యం వెనక కూర్చోబెడతామని మాత్రం చెప్పాను.

"వినబడితే?"

"వినబడదండీ."

"మీ పూచీయా?"

"నా పూచీ."

ఆవిడకు ఇష్టం లేకపోయినా ఊరుకుంది.

పెళ్ళి రోజు జీలకర్ర బెల్లం దాకా మణెమ్మ బాగానే ఉంది. చుట్టాలను పలకరించింది. ఎవరో పిల్లకు జడలో పూలు సర్దింది. పుస్తెలు పళ్ళెంలో పెట్టి అందరి చేతా తాకించడానికి తిప్పుతున్నప్పుడు వచ్చి కుర్చీలో కూర్చుంది. పళ్ళెం దగ్గరికి వచ్చింది. తాకి కళ్ళకు అద్దుకుంది. మండపం మీద చుట్టాలు పీటల చుట్టూ మూగారు. కిందినుంచి శోభ కనబడలేదు, శోభకు కింద ఉన్నవాళ్ళూ కనబడరు. పంతులు చెయ్యి ఎత్తాడు.

ముత్తయ్య అంత గట్టిగా వాయించడం నేను అంతకుముందు చూడలేదు. మణెమ్మ కొంగు నోటికి పెట్టుకుంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత నోరు తెరిచింది. నేను స్తంభానికి ఇవతల, చేతికందే దూరంలో ఉన్నాను. ఆమె నోరు కదలడం కనబడింది గానీ నాకు ఏమీ వినబడలేదు. భారతి ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది.

ముళ్ళు పడ్డాయి. అక్షింతలు పడ్డాయి. పంతులు చెయ్యి దించాడు. మేళం ఆగలేదు. ఆయన మళ్ళీ ఎత్తి మళ్ళీ దించాడు. తర్వాత మైకులో ఏదో అన్నాడు, అదీ వినబడలేదు. కోటయ్య ఊపిరి చాలక సన్నాయి దించినప్పుడు ముత్తయ్య ఒక్కడే డోలు నడిపాడు. కోటయ్య మళ్ళీ అందుకున్నాడు. జనం మావైపు చూడడం మొదలుపెట్టారు. కొందరు నవ్వారు, వాయించేవాళ్ళకు పిచ్చి పట్టిందనుకుని.

రాజ్యలక్ష్మి గారు మండపం దిగి నేరుగా మావైపు వచ్చింది. నేను అడ్డం నిలబడాలనుకున్నాను, కానీ ఆవిడ వేగంగా నడిచే మనిషి. స్తంభం దాకా వచ్చి మణెమ్మను చూసింది. కాసేపు అక్కడే నిలబడింది. ఆవిడ ఏమనుకుందో నాకు తెలియదు, తర్వాత అడగలేదు కూడా. వెనక్కి వెళ్ళి అక్షింతల పళ్ళెం చేతిలోకి తీసుకుంది. వేసినవాళ్ళనూ వెయ్యనివాళ్ళనూ చేతులతో పిలిచింది. అందరూ లేచి వరస కట్టారు. వరస కదులుతుంటే మేళం మోగడం ఎవరికీ వింత కాలేదు. పంతులు కూడా ప్రయత్నం మానుకున్నాడు.

వరస చివరికి వస్తుండగా మణెమ్మ కొంగు దించింది. మొహం తుడుచుకుని ముత్తయ్య వైపు చూసింది. ముత్తయ్య తాళం ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళ మీద తొడుగులు సరిచేసుకోవడానికి కూడా అతనికి శక్తి లేదు.

ఆమె లేచి మండపం ఎక్కింది. రాజ్యలక్ష్మి గారు పళ్ళెం ఆమె ముందుకు చాచింది. "మీ వంతు ఉంచాను వదినగారూ" అంది. మణెమ్మ గుప్పెడు తీసుకుని కూతురి తల మీద, అల్లుడి తల మీద వేసింది.

ఆ సాయంత్రం రిసెప్షన్‌లో ఒక వేణువు, ఒక కీబోర్డు మాత్రమే పెట్టాం. అందులో రాయవలసిందేమీ లేదు.

కొన్నాళ్ళకు శోభ షాపుకు వచ్చింది, మేళంవాళ్ళకు స్వీట్లు ఇవ్వడానికి. భారతి పక్కన కూర్చుని చాలాసేపు అవీ ఇవీ మాట్లాడింది. తర్వాత అడిగింది.

"ఆంటీ, అమ్మ ఏడ్సిందా?"

"మేళం పక్కన కూర్చున్నదాన్ని, నాకేం వినబడుతుందమ్మా?"

శోభ నవ్వింది. "నాకు గుడ ఏం ఇనబడలే. అమ్మను అర్రల కూసోవెడ్తరని బాపు అంటుంటే ఇన్న. పీటల మీద కూసున్నంక ఎన్కకు తిరిగెతందుకు లేదు, అడిగెతందుకు లేదు. ఉన్నదో లేదో అనే పరేషాన్ నాకు. మూడు ముళ్ళు పడితే మేళం ఆగుతది గద ఆంటీ, ఎన్ని పెండ్లిల్లు సూడలే? నా పెండ్లికి ఆగలే. అప్పుడు సమజైంది, అమ్మ ఆడనే ఉన్నదని."

భారతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మకు మాత్రం చెప్పకుండ్రి. నాకేం తెల్వదనే అనుకుంటున్నది."

చెప్పనంది భారతి. ఆ తర్వాత మణెమ్మ ఆ దారిన వచ్చినప్పుడల్లా షాపులో కూర్చుని పోయేది. మనవరాలు పుట్టినప్పుడు వచ్చింది, రాష్ట్రం వచ్చిన రోజున కూడా వచ్చింది. చాలాసార్లు అదే మాట అనేది, ఆ రోజు శోభకు ఏమీ వినబడలేదు గదమ్మా అని. వినబడలేదనే భారతి చివరిదాకా చెప్పింది.